చెన్నయ్యకు పోయవద్దు

ఇబ్రహీంపట్నంలో తక్కువ డబ్బుకు ఎక్కడ తాగవచ్చో తాగేవాళ్లకంటే బాగా తెలిసిన మనిషి సుసన్న. ఆమె జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు. శేరిగూడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తుంది. అయినా సాగర్ రోడ్డు మీది ఏసీ బారులో బీరు ఎంతో, వైన్ షాపు వెనక పర్మిట్ రూములో ప్లాస్టిక్ గ్లాసుకూ నీళ్ల ప్యాకెట్టుకూ ఎంత గుంజుతారో, ఏ కిరాణా కొట్టువాడు పప్పు డబ్బాల వెనక క్వార్టర్లు దాచి పదో ఇరవయ్యో పైనేసుకుని అమ్ముతాడో, ఏ కల్లు కాంపౌండులో సీసా అన్నిటికంటే చవకో ఆమెకు కంఠతా వచ్చు. భర్త జేబులో ఎంత ఉందో తెలిస్తే చాలు, అతను ఏ చోట కూర్చుని ఉంటాడో ఇంట్లోంచే చెప్పేసేది. ఇరవై ఏళ్లు అతన్ని వెతుక్కుని ఇంటికి తెచ్చుకున్న మనిషికి ఆ మాత్రం తెలియదా మరి.

భర్త పేరు చెన్నయ్య. సెంట్రింగ్ పని చేసేవాడు. స్లాబు పడిన రోజు ఇల్లు కట్టించేవాళ్ల ఖర్చు మీద ఏసీ బారు. వారం కూలి చేతికొచ్చిన రోజు పర్మిట్ రూము. మిగిలిన రోజులన్నీ కల్లు కాంపౌండు. సుసన్న నాలుగింటికి హాస్టల్లో గిన్నెలు సర్దేసి, ఇంటికి కాక నేరుగా అటే వెళ్లేది. కొంగు తల మీదికి లాక్కుని గేటు బయట నిలబడేది. అరవదు, తిట్టదు. లోపల ఉన్నవాళ్లే చూసి, చెన్నన్నా, వదినొచ్చింది లే, అని అతన్ని లేపేవారు. అతను సీసా అడుగున మిగిలింది గొంతులో పోసుకుని, చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చేవాడు. ఆమె కోసం కొన్న రెండు మిరపకాయ బజ్జీలు కాగితం పొట్లంలో నలిగిపోయి ఉండేవి. ఆమె మీద చెయ్యెత్తిన రోజు ఒక్కటి లేదు. కొట్టేవాడైతే వదిలేసి పోయేదాన్ని, ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి అని ఆమె నన్ను అడిగేది.

నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు అరుణకుమారి. మాది తెనాలి పక్క పల్లెటూరు, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఎమ్మార్వో ఆఫీసు దగ్గర జిరాక్సు షాపు నడుపుతున్నాను. పేరుకు జిరాక్సే గానీ మాకు అన్నం పెట్టేది నేను రాసే అర్జీలు. ఎవరి కష్టమైనా నా షాపు మెట్లెక్కిందంటే అర్జీ అయి దిగాల్సిందే. యాచారం వైపు ఫార్మా సిటీకి భూములు పోయినవాళ్లకు ఎన్ని రాశానో లెక్కలేదు. సుసన్న కూడా పుట్టింటివాళ్ల ఎకరంన్నర గురించి తమ్ముణ్ని వెంటబెట్టుకుని అలాగే వచ్చింది. ఆ పని ఏమయిందో గానీ మనిషి మాత్రం నాకు దగ్గరయింది. అడగకపోయినా సలహా ఇచ్చే జబ్బు నాకుంది. నీ నోటికి సెలవు లేదా అంటాడు మా ఆయన వెంకటసుబ్బారావు. నిజంగానే లేదు.

ఆ కాంపౌండు కల్లు గురించి కూడా చెప్పాలి. తన చిన్నప్పుడు వాళ్ల బాపు ఈత చెట్టు కింద కూర్చుని ఆకుదొప్పలో తాగిన కల్లు వేరు, ఇది వేరు అని సుసన్న చెప్పేది. అది తాగినవాడు సాయంత్రానికి మామూలు మనిషయ్యేవాడు, మర్నాడు లేకపోయినా అడిగేవాడు కాదు. కాంపౌండులో అమ్మేదాంట్లో నిద్రగోళీల పొడి కలుపుతారని చుట్టుపక్కల అందరూ అనుకునేవారు. చెన్నయ్య ఏ కారణం చేతనైనా ఒక పూట తాగకపోతే ఆ రాత్రి రెప్ప వేసేవాడు కాదు, అన్నం ముద్ద నోటి దగ్గరకు వెళ్లేలోగా చెయ్యి వణికి కింద పడేది. ఇవన్నీ మాకు తెలుసు. నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్లం కూడా. వాటి అర్థం ఏమిటో మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. అందరికీ సలహాలు చెప్పే నేనూ ఆలోచించలేదు.

నిరుడు ఎండాకాలం మొదట్లో, చర్చివాళ్ల ఉపవాస దినాల్లో, చెన్నయ్య రెండో అంతస్తు సెంట్రింగ్ చెక్క మీంచి కాలు జారాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి మోచేతులు గీరుకుపోవడంతో సరిపోయింది. ఇంకోసారి తాగి పనికొస్తే రానివ్వనని మేస్త్రీ చెప్పాడు. మర్నాడు సుసన్న నా షాపుకొచ్చి, జనం వెళ్లేదాకా ఓ మూల నిలబడి, ఆ తర్వాత ఏడ్చింది.

"పడి సచ్చిపోతడక్క. పనికి పోయిన కాడికెల్లి నాకు ఫోనొస్తదని పొద్దంత భయమైతుంది. ఆయన బతికుంటె సాలు, ఇంకేం వద్దు."

నా బుర్ర అప్పటికప్పుడు పని చేసింది. చెన్నయ్య ఆధార్ కార్డులో ఫోటో పెద్దది చేసి కాగితం పైన పెట్టాను. కింద ఇలా కొట్టాను: ఇతని పేరు చెన్నయ్య. ఇతనికి కల్లు గానీ మందు గానీ పోయవద్దు. పోసినచో పై అధికారులకు ఫిర్యాదు చేయబడును. ఆ చివరి మాట రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. పది కాపీలు తీసి, షాపుకు తాళం వేసి, సుసన్నను వెంటబెట్టుకుని బయలుదేరాను. దారి ఆమె చూపించింది, మాట్లాడింది నేను.

బారు మేనేజరు కాగితం తీసుకుని నవ్వాడు. పర్మిట్ రూమువాడు ఇలాంటి కాగితం ఎన్నడూ చూడలేదన్నాడు. కిరాణా కొట్టువాడు తాను ఉప్పూ పప్పూ తప్ప ఏమీ అమ్మనని పిల్లల మీద ఒట్టేశాడు. కాంపౌండులో గల్లా దగ్గర కూర్చునే సంజీవ మాత్రం కాగితాన్ని రెండుసార్లు చదివాడు. నేను అర్జీలు రాసే మనిషినని, నా చేత్తో ఒకటి ఎక్సైజు ఆఫీసుకు, ఒకటి కలెక్టరుకు వెళ్తుందని, అప్పుడు నీ సీసాల్లో ఏముందో వాళ్లే తేలుస్తారని అతనితో అన్నాను. సంజీవ లేచాడు. ఆ కాగితాన్ని తన వెనక గోడకు టేపు పెట్టి అంటించాడు. సుసన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నాకు అంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు, మా ఇంట్లో కూడా.

ఆ సాయంత్రం చెన్నయ్య నాలుగు చోట్లకీ వెళ్లి నాలుగు చోట్ల నుంచీ తిరిగొచ్చాడు. నా ఫోటో ఎందుకేశినవ్, నేనేమన్న దొంగనా అని భార్యను అడిగాడట. అది శుక్రవారం. శనివారం పనికి పోలేదు, రోజంతా ముసుగు పెట్టుకుని పడుకున్నాడు, నిద్రపోలేదు. ఆదివారం ఆమె వెంట చర్చికి వెళ్లాడు. చొక్కా చెమటతో తడిసిపోయిందని, కీర్తనల పుస్తకం పట్టుకోలేకపోతే ఆమే పట్టుకుందని తెలిసి నేను సంతోషించాను. లోపలి విషం బయటికి పోతోంది, మంచిదే అన్నాను. ఆ మధ్యాహ్నం వాళ్లింటికి పరమాన్నం పంపించాను.

సోమవారం పదకొండు గంటలప్పుడు సుసన్న పరుగెత్తుకుంటూ షాపుకొచ్చింది. చేతిలో ఖాళీ స్టీలు క్యాను ఉంది. చెన్నయ్య తెల్లవారిన దగ్గర నుంచీ గోడ మీద లేని చీమల్ని ఏరుతున్నాడట, ఎప్పుడో చనిపోయిన అన్నను పిలుస్తున్నాడట. ఒకసారి ఒళ్లు బిగుసుకుపోయి నోట్లో నురగ కూడా వచ్చిందట. పక్కింటి నీలమ్మ పెద్దామె. ఇలాంటివాళ్లను ఇదివరకు చూసింది. ఒక్క సీసా తాగిస్తే నిమ్మళిస్తాడని ఆమె చెబితే, ఇరవై ఏళ్లు గేటు బయట నిలబడిన సుసన్న మొదటిసారి ఆ గేటు దాటి లోపలికి వెళ్లింది. ముందు కాంపౌండుకు, తర్వాత పర్మిట్ రూముకు, తర్వాత కిరాణా కొట్టుకు. ఎవరూ ఇవ్వలేదు. నేనే పరీక్షించడానికి పంపానని అనుకున్నారు. సంజీవ అయితే గోడ మీద కాగితం చూపించి చేతులు జోడించాడట.

"నువ్వొక్క మాట చెప్పక్క వానికి. ఒక్క సీసనే. జర ఫోన్ చెయ్యి" అంది.

నా మిషన్లో ఎవరివో భూమి కాగితాలు పడుతున్నాయి. వాటి వైపు చూస్తూనే జవాబిచ్చాను.

"మూడు రోజులు గెలిచావు సుసన్నా. ఇప్పుడు పోస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇవాళొక్క రోజు గట్టిగా ఉండు."

ఆమె తల ఊపి, ఖాళీ క్యానుతోనే ఇంటికి వెళ్లిపోయింది. నేను ఏది చెబితే అది నమ్మింది. నేను ఇంకేదైనా చెప్పి ఉంటే అదీ నమ్మేది.

గంట తిరక్కుండానే నీలమ్మ ఫోన్ చేసింది. ఆటోలో ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లాం. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. సుసన్న అతని తల ఒళ్లో పెట్టుకుని బైబిలు వాక్యాలు చదువుతూనే ఉంది. లోపల ఇంజెక్షన్లు ఇస్తూ ఉండగా డ్యూటీ డాక్టరు, ఇంకా పిల్లలా ఉంది, బయటికొచ్చి నన్ను అడిగింది, తాగి ఎన్ని రోజులైందని. సుసన్న లోపల అతని దగ్గరే ఉంది. అప్పుడు కూడా నేను గొప్పగానే చెప్పాను. మూడు రోజులమ్మా, చుక్క ముట్టలేదు అన్నాను.

"ఆ కల్లు తాగేటోళ్లతోని ఒక్కసారి ఆపిస్తరా ఎవరన్న? ప్రాణం మీదికొస్తది. మొదటి దినమే ఇక్కడికి తెస్తే గోళీలిచ్చి మెల్లగ మాన్పించేటోళ్లం కదా" అంది ఆ అమ్మాయి. కోపంగా కూడా అనలేదు. అలసిపోయి అంది. నగరంలో పెద్దాసుపత్రికి రాసిచ్చి 108 పిలిపించింది. అంబులెన్సు బొంగుళూరు గేటు దాటిన కాసేపటికి చెన్నయ్య పోయాడు.

సమాధుల దగ్గర పాస్టరుగారు మాట్లాడారు. ఈ సహోదరుడు చివరి మూడు దినాలు పానము విడిచి ప్రభువు దగ్గరకు శుద్ధుడై వెళ్లాడన్నారు. కందుకూరులో అత్తారింటి నుంచి వచ్చిన సుసన్న కూతురు భాగ్యశ్రీ ఆ మాటకు గట్టిగా ఏడ్చింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి సుసన్నను పట్టుకుని, నువ్వు గెలిచినవ్ బిడ్డా అన్నారు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, అంతా నీ వల్లనే అక్కా, శుద్ధంగా పోయిండు అంది. డాక్టరు అన్న మాట అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పోయిన మనిషి తిరిగి రాడు, ఉన్న మనిషికి ఈ ధైర్యమైనా మిగలనీ అనుకున్నాను. దానికి దయ అని పేరు పెట్టుకున్నాను గానీ, అది వట్టి పిరికితనం. ఆమె నన్ను అసహ్యించుకుంటుందని భయపడ్డాను.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం సుసన్న షాపుకొచ్చింది. వెంట హాస్టల్లో గిన్నెలు కడిగే ఒక అమ్మాయి ఉంది, పాతికేళ్లుంటాయేమో. సుసన్న మొహంలో, చెన్నయ్య పోయాక మొదటిసారి, కొంచెం కళ కనిపించింది. ఈ పిల్ల భర్త కూడా ఆ కాంపౌండులోనే తాగుతున్నాడని, ఫోటో తెచ్చామని, చెన్నయ్యకు రాసిచ్చినట్టే రాసిస్తే తాను వెంట తిరిగి అన్ని చోట్లా ఇచ్చొస్తానని చెప్పింది. ఆ అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చింది. ఫోటో కంప్యూటర్లోకి ఎక్కించాను. కొత్తగా క్షవరం చేయించుకుని కెమెరా వైపు నవ్వుతున్న కుర్రవాడు. కీబోర్డు పక్కకు జరిపాను.

కాగితం వద్దన్నాను. ముందు అతన్ని దవాఖానకు తీసుకెళ్లమ్మా, ఎంత తాగుతాడో, ఎన్నేళ్ల నుంచో దాచకుండా డాక్టరుకు చెప్పు, వాళ్లు మందులిచ్చి మెల్లగా మాన్పిస్తారు, నువ్వు మాత్రం ఒక్కసారిగా ఆపించకు, ప్రాణం పోతుంది అని ఆ అమ్మాయికి చెప్పాను. చెబుతున్నంతసేపూ సుసన్న వైపు చూడలేదు. ఆమె అక్కడున్న స్టూలు మీద కూర్చుంది.

ఈ మాట నీకెప్పుడు తెలిసింది అని అడిగింది. ఆ రోజే, దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది అన్నాను. ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. తర్వాత, నాతో చెబుతున్నట్టు కూడా లేదు, మెల్లగా మాట్లాడింది.

"నా కాళ్లు మొక్కిండు. సుసన్నా సచ్చిపోత, జర తెచ్చియ్యి అన్నడు. మూడు దినాలు గదే మాట. సైతానే ఆయన నోట్లకెల్లి మాట్లాడుతుందనుకున్న. చెవులు మూసుకోని ప్రార్థన చేసుకుంట కూసున్న."

క్షమించమని నేను అడిగాను. సుసన్న లేచి ఆ అమ్మాయి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. దవాఖానలో ఓపీ చీటీలు పన్నెండింటికల్లా ఆపేస్తారని, ముందు ఇంటికెళ్లి అతన్ని వెంటబెట్టుకుని పోదామని చెప్పింది. ఇద్దరూ మెట్లు దిగి ఎండలో రోడ్డు దాటారు. నన్ను రమ్మనలేదు.