డబ్బాలో పడ్డ నీలం నోట్‌బుక్

2023లో నేను నానక్‌రామ్‌గూడలో ఒక ఐటీ బిల్డింగ్ తొమ్మిదో అంతస్తులో హౌస్‌కీపింగ్ చేస్తూ ఉన్నాను. మా ఆయన చనిపోయిన ఏడాదికి అందులో చేరాను. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు నంబరు చదువుతాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

ఆ అంతస్తులో కొత్తగా చేరిన పిల్లలకు ఇంగ్లీషు నేర్పేవారు. కంప్యూటర్ పని వచ్చిన పిల్లలే. అయినా కస్టమర్‌కు తప్పుల్లేకుండా మెయిల్ రాయడం రావాలట. మూడుసార్లు పరీక్ష పెడతారు. మూడోసారీ తప్పితే ఇంటికే.

కీర్తన పాలకొల్లు వైపు పిల్ల. అప్పటికి రెండుసార్లు తప్పింది. ప్యాంట్రీలో నేను కప్పులు కడుగుతుంటే పక్కన నిలబడి నోట్‌బుక్‌లో వాక్యాలు రాసేది. పెద్దక్షరం ఎక్కడ, చుక్క ఎక్కడ, కామా ఎక్కడ అని గొణుక్కునేది. ఇంగ్లీషు నేర్పే సార్ ఎర్ర పెన్నుతో దిద్దిన పేజీలు నాకు చూపించేది.

“గింత ఎర్రగుంటే మంచిదా, చెడ్డదా బిడ్డా?”

“చెడ్డదే ఆంటీ. కానీ నా తప్పులన్నీ ఒక్కచోట ఉన్నాయండి. ఇది చూసుకుంటే చాలు, గట్టెక్కేస్తాను.”

“ఎక్కకపోతే?”

“మా నాన్న చేపల చెరువు దగ్గర కాపలా ఉంటారండి. నాకూ ఒక టార్చిలైటు కొనిస్తారు.”

ఇద్దరం నవ్వుకున్నాం.

మా పనిలో క్లియర్ డెస్క్ అని ఒక రూలుంది. సాయంత్రం ఆరు దాటాక టేబుల్ మీద ఏ కాగితం మిగిలినా తీసి ష్రెడ్డింగ్ డబ్బాలో వేయాలి. కాగితాలను ముక్కలు చేసే బండి వచ్చేదాకా అవి అందులోనే ఉంటాయి. డబ్బాకు పైన సన్నని సందు, కింద తాళం. ఆరు తర్వాత తలుపు తెరుచుకునే ఆ పిల్లల కార్డులూ పనిచేయవు, పైకి రాలేరు. కీర్తన రెండుసార్లు నోట్‌బుక్ మరిచిపోతే ఆప్రాన్ కింద దాచి, కిందికి తెచ్చి ఇచ్చాను.

మూడో పరీక్షకు ముందు రోజు పొద్దున, కాగితాలు వదిలేసిందని నాతో పనిచేసే లక్ష్మిని తీసేశారు. సాయంత్రం సూపర్‌వైజర్ నా వెనకాలే నడిచాడు. కీర్తన టేబుల్ మీద నోట్‌బుక్ ఉంది. నీలం అట్ట. అదెవరిదో నాకు తెలుసు.

“ఏం చూస్తున్నవ్ యాదమ్మా? లక్ష్మి లెక్క నీకు గూడ ఇంటికి పోవాల్నని ఉందా?”

తీసి డబ్బా సందులోంచి వేశాను. లోపల పడ్డ చప్పుడు వినిపించింది.

పని ముగించి దిగేసరికి కీర్తన గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే చేయి చాపింది.

“తెచ్చారా ఆంటీ?”

“డబ్బాల వడ్డది బిడ్డా. నేనే ఏసిన.”

చాపిన చేయి అలాగే ఉంది. నేను మళ్ళీ పైకి, సూపర్‌వైజర్ దగ్గరికి పరుగెత్తాను.

“సార్, జర తాళం తియ్యుండ్రి. పిల్ల పరేషాన్ల ఉంది.”

“తాళం నా దగ్గరేడిది? బండోళ్ళ దగ్గరుంటది. శనివారం వస్తరు.”

“రేపే పరీక్ష సార్.”

“నేనేం జెయ్యాలె? రూల్ ప్రకారమే చేసినవ్ గద.”

కిందికొచ్చి చెబితే కీర్తన కూడా అదే మాట అంది. “మీ తప్పేం లేదు ఆంటీ. రూలే కదండీ.” తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆ పిల్ల తప్పింది. ల్యాప్‌టాప్, కార్డు అప్పగించి వెళ్ళిపోయింది. ప్యాంట్రీ వైపు రాలేదు. నోట్‌బుక్ ఉంటే గట్టెక్కేదో లేదో నాకు చెప్పగలిగేవారు ఎవరూ లేరు.

శనివారం బండివాళ్ళు డబ్బా తెరిచారు. నీలం అట్ట కనిపించింది.

“అన్నా, గదొక్కటి ఇయ్యవా?”

“లోపల వడ్డంక ఇచ్చుడు లేదక్కా.”

ఇచ్చినా ఎవరికి ఇవ్వాలి? ఆ పిల్ల ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు.

ఆ ఉద్యోగం నాకు మిగిలింది. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. భయపడి చేసిన పనిని రూలు మీదికి తోసేయలేమని మాత్రం తెలిసింది. అందుకే రోజూ ఆరుకు పది నిమిషాల ముందు టేబుళ్ళ మధ్య తిరుగుతూ, “పుస్తకాలు తీస్కోండ్రి బిడ్డా” అంటాను. సగం మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి, తల ఎత్తరు. ఆరు కాగానే మిగిలినవి తీసి డబ్బాలో వేస్తాను.