చింతపండు తగలని రూపాయి

మా మామ పోయారు. పోయిన నెల ఒక పొద్దున జొన్నరొట్టె తిని, చేయి కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నవారు అట్లాగే ఉండిపోయారు. నారాయణఖేడ్‌లో పాత వెండి నాణేల హర్రాజు జరిగితే, పాట మొదలయ్యే ముందు ఒక్కో నాణెం గుణం చెప్పేది ఆయనే. నేను ఆ ఇంటి కోడలిని.

పాదుషాల కాలం నాటి రూపాయిని వేలి కొన మీద నిలిపి, ఇంకో రూపాయి అంచుతో మెల్లగా తాకించేవారు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా వినేవారు. తర్వాత అద్దం పెట్టి అక్షరాలు చూసేవారు. నలుగురిలో చెప్పేటప్పుడు మాత్రం ముందు లోపాలే. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన మచ్చ ఉంది, అంచు గీకి వెండి తీశారు, ఇట్లా. "నువ్వు అమ్మనీకె కూసున్నవా, ఆపనీకె కూసున్నవా?" అని బీదర్ సావుకార్లు ఎగతాళి చేసేవారు. అయినా ఆయన నోరు విప్పాకే పాట పెంచేవారు.

"తోమితె మెరుపొస్తది బిడ్డా, వయసు పోతది" అనేవారు నాతో. ఏళ్ల తరబడి వెండి మీద పేరుకున్న నలుపే కొనేవాళ్లకు నమ్మకం. మా అత్తది తోముడు మతం. ఆమె చేతికి చింతపండు దొరికితే ఇంట్లో నల్లగా మిగిలేవి ఆమె కళ్లే అని మా ఆయన నవ్వేవాడు. అందుకే మామ నాణేల సంచిని కందుల గుమ్మిలో దాచేవారు. అత్తకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టే పక్కనుంచి కందులు తీసుకునేది.

కొన్నేళ్ల కిందట వానల ముందు కంగ్టి నుంచి ఒకామె వచ్చింది. జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది, ఇంకోటి కొనాలి. తల్లి ఇచ్చిన ఒక్క రూపాయి కొంగులోంచి తీసింది. తళతళలాడుతోంది. మామ ముఖం వాడిపోయింది.

"తోమినవా అవ్వా?"

"మురికిది నలుగుట్ల ఎట్ల పెట్టాలె అయ్యా? సక్కగ తోముకొచ్చిన."

"బూడిదె పెట్టినవా?"

"లేదు, ఉత్త చింతపండే."

"అయితె బతికింది, అక్షరాలు అరగలే. గీసుంటిది నేను రెండోది చూడలే. కని ఇప్పుడు హర్రాజుల పెడితె ఉత్త వెండి ధరకే పోతది."

ఆమె అక్కడే కూలబడింది. "మరి నా దుక్కి ఎట్ల?"

మామ మా ఎడ్ల కొట్టం వైపు చూశారు. "గీసారి మా ఎద్దును తోలుకపో. దీన్ని గుడ్డల కట్టి మీ పొయ్యి మీది దూలానికి ఏలాడదియ్యి. నల్లగైనంక తే, పాట నేను పాడిస్త."

విత్తనాలు పడ్డాక ఎద్దును భద్రంగా తోలుకొచ్చింది. ఆ తర్వాత కంగ్టి వాళ్లెవరు వచ్చినా మామ ఆమెకు ఒకే కబురు పంపేవారు, "నల్లగైందా?" అని. "ఇంకింత కావాలె" అని జవాబు వచ్చేది. సొంత మనవరాలి గురించి అడిగినట్టు అడిగేవారు.

దినవారాలు అయిన మరునాడు నేనూ అత్తా వాకిట్లో ఇత్తడి గిన్నెలు ముందేసుకుని తోముతున్నాం. ఆ కంగ్టి ఆమె వచ్చింది. చావు కబురు కంగ్టి దాకా చేరలేదు. నేనే చెప్పాను. వాకిట్లోనే కూర్చుని గుడ్డ మూట విప్పింది. రూపాయి నల్లగా, లోతుగా, అక్షరాలన్నీ లేచి ఉంది.

"చూపియ్యనీకె తెచ్చిన. ఇగ ఎవలు చెప్తరు దీని సంగతి?"

నేను చేతులు కడుక్కుని, కందుల గుమ్మిలోని సంచిలోంచి ఇంకో రూపాయి తెచ్చి, ఆమె రూపాయిని వేలి కొన మీద నిలిపి, ఆయనలాగే తాకించాను. మోత ఎంతకూ ఆగలేదు. నాకు ఏడుపూ ఆగలేదు.

ఆ చప్పుడుకు అత్త లేచి వచ్చింది. అందుకోబోయి, తన వేళ్లకున్న చింతపండు చూసుకుంది. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, వంగి, కళ్లతోనే చూసింది.

"మంచిగ నల్లగైంది" అంది. చేతులు మాత్రం వెనకనే ఉంచుకుంది.