నోట్లో ముద్ద ఉండగా

ఎవరి నోట్లోనైనా ముద్ద ఉంటే మా బావ ఫొటో తియ్యడు. ఆయన వృత్తి ఫొటోలు తియ్యడమే కావడం మా అక్క ఖర్మ. పెళ్ళిళ్ళలో భోజనాల వేళ కెమెరాకు మూత పెట్టి, చేతులు కట్టుకుని నిలబడతాడు. నా పెళ్ళి ఆల్బంలో విందు పేజీ లేదని నేను ఏళ్ళ తరబడి సాధించాను.

సెలవు రోజుల్లో ఆయనకు పిట్టల పిచ్చి. ఇంటి వెనక ఖాళీ స్థలంలో నడుమెత్తున పెరిగిన ఊదాపూల పిచ్చిమొక్కల మీద పిడికెడంత కూడా లేని పిట్టలు వాలి, పాటకీ పాటకీ మధ్య గింజలు ఒలుచుకు తింటాయి. బావ తీసిన ఫొటోల్లో మాత్రం పిట్టలుండవు. అవి తిని వెళ్ళాక ఇంకా ఊగుతున్న కాడలుంటాయి.

అంతలో కాలనీ సంఘం అధ్యక్షుడు ఆ మొక్కలు కొట్టించేస్తానన్నాడు. గింజలు రాలేదాకా ఆగమని బావ బతిమాలాడు. పిట్టలు తింటున్న ఫొటో ఒక్కటి చూపిస్తే ఆగుతానని ఆయన మాటిచ్చాడు. ఆ రోజు నుంచి బావకు అన్నం సయించలేదు. ఇక నాలాంటి మేధావి రంగంలోకి దిగక తప్పలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం మొక్కల్లో దూరాం. పిట్టలు గుర్తుపట్టకూడదని నేను ఆకుపచ్చ దుప్పటి కప్పుకున్నాను. వాటి సంగతేమో గానీ చీమలు నన్ను బాగానే గుర్తుపట్టాయి. ఇంతలో పసుపు రొమ్ము పిట్ట ఒకటి దగ్గర్లోనే వాలింది.

“నొక్కు బావా,” అని గొణిగాను.

“తింటోందిరా.”

“అదేగా మనక్కావాల్సింది.”

కెమెరా లాక్కుని నొక్కాను. టక్కుమంది. పిట్ట తుర్రుమంది. ఫొటోలో బావ చెవి వచ్చింది. చెవి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

బావ తిట్టలేదు. “పాపం, ఆకలి మీద పోయింది. తినేవాళ్ళని మధ్యలో లేపకూడదురా, పిట్టైనా, పెళ్ళికొడుకైనా,” అన్నాడు. నా పెళ్ళిలో నేను ఎన్నిసార్లు మారు అడిగానో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఫొటో ఉండుంటే అత్తవారింట్లో తలెత్తుకోగలిగేవాణ్ణి కాదు. ఈ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగింది.

సాయంత్రం అధ్యక్షుడు గడ్డి కోసే యంత్రాన్నీ, దాని మనిషినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఫొటో లేదని బావ ఒప్పుకుని, తన ముక్కాలిపీట ఇచ్చి ఒక్క పది నిమిషాలు కూర్చోమన్నాడు. ఆయన విసుక్కుంటూనే కూర్చున్నాడు. కాసేపటికి ఒక పిట్ట వాలింది, వెనకే ఇంకోటి. మొదటిది గింజ ఒలిచి రెండోదాని నోటికి అందించింది. అధ్యక్షుడు యంత్రం మనిషిని కళ్ళతోనే ఇంటికి పొమ్మన్నాడు.

నేను మెల్లగా ఫోన్ తీశాను. అధ్యక్షుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఉండండి సార్,” అన్నాడు గుసగుసగా. “ముందు వాళ్ళని తిననివ్వండి.”