కాకి ముట్టని మాట

మా అన్న గోపీనాథ్ దివంగతుడైన వార్త ఆసుపత్రి నుంచి ఫోనులో తెలిసింది. ఆ ఉదయం డయాలిసిస్‌కు బయలుదేరుతూ, గడపలో చెప్పులు తొడుక్కుంటూ, సాయంత్రానికి పులిహోర చేసిపెట్టమని అడిగిపోయాడు. డాక్టర్లు వద్దన్నదే అడగడం ఆయనకు అలవాటు. నేను చింతపండు నానబెట్టి ఉంచాను. ఫోను పెట్టేశాక ఆ గిన్నెను ఏం చేయాలో తోచక పట్టుకునే నిలబడ్డాను. నలభై చూడని మనిషి పోయాడంటే బుద్ధి ఎలాగో ఒప్పుకుంటుంది గానీ చేతులు ఒప్పుకోవు. అవి ఈనాటికీ ఆయన కంచం కూడా కడిగి పెడుతున్నాయి.

ఈ పత్రిక చదివే మన బెంగళూరు తెలుగువారిలో చాలామందికి ఆయన చిక్కపేటలో మా నాయన చీరల అంగడిలో, తెల్లటి పరుపు మీద మోకాళ్ళ మీద కూర్చుని, విప్పిన చీరను విసుగు లేకుండా మళ్ళీ మడతపెట్టే మనిషిగానే తెలుసు. ఆయన ఆటలు రచించేవాడని, ఒక ఆటను దేశాంతరాల పోటీకి పంపాడని తెలిసినవారు బహు తక్కువ. అది చెప్పడం నా విధి అనుకొని కూర్చున్నాను.

ముందుగా నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే అన్న కథ అక్కడే మొదలవుతుంది. పసితనంలో వచ్చిన జ్వరానికి నా కాలు చచ్చుబడి, రెండో తరగతితో బడి మానేశాను. ఇంట్లో నన్ను అమ్మణ్ణి అనేవారు. తొంభైలలో, అన్న కాలేజీలో చేరిన ఏడే, అమ్మ కాలం చేసింది. పదోరోజు కర్మ చేసే చోట నన్ను ఆటోలోనే కూర్చోబెట్టారు; అక్కడి నుంచే అంతా చూశాను. పిండం పెట్టారు. కాకి రాలేదు. పోయినవాళ్ళ మనసులో తీరని కోరిక ఏదో ఉంటేనే కాకి ముట్టదని మనవాళ్ళ విశ్వాసం కదా. ఒక్కొక్కరే ముందుకు వచ్చి చేతులు జోడించి మాట ఇచ్చారు. మా మేనమామ నా పెళ్ళి తన బాధ్యత అన్నాడు. కోపిష్ఠి అని పేరుపడ్డ మా నాయన, ఇకపైన ఎవరి మీదా గొంతెత్తనన్నాడు. కాకి రాలేదు. అప్పుడు అన్న తడిబట్టలతోనే ముందుకు వచ్చి, "అమ్మా, అమ్మణ్ణికి చదువు నేను చెప్తా" అన్నాడు. ఆయన చేతులు దించకముందే కాకి వాలింది.

ఆ మాటను అన్న అక్షరాలా నిలబెట్టుకున్నాడు. కాలేజీ నుంచి వచ్చి, అంగడి పని ముగించి, నా ఎదుట కూర్చునేవాడు. ఆయన బోధన విచిత్రంగా ఉండేది. ఒకనాడు నన్ను కలెక్టరును చేసి, తాను బావి ఎండిన రైతై అర్జీ తెచ్చేవాడు. దానికి నేను జవాబు రాయాలి. ఒకనాడు నేను ఓడ నడిపే కప్తానును, తాను దారి తప్పిన ప్రయాణికుడు. పటం చూసి దారి నేను చెప్పాలి. తప్పు చెబితే ఓడ మునిగేది. "పుస్తకం చదివితే తెలుస్తాది, వేషం కడితే గుర్తుంటాది" అనేవాడు. నేను ఈ నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే అది పరమాత్ముని కృప, ఆయన నిమిత్తంగా పంపిన మా అన్న ఓర్పు.

ఈ వేషాలకు లోకంలో ఒక పేరుందని మాకు తెలిపినవాడు ఫణి. గుంటూరు అబ్బాయి, కుందలహళ్ళిలో గది తీసుకుని అక్కడి కంప్యూటరు కంపెనీలో పనిచేసేవాడు. అక్క పెళ్ళికి చీరలు కొనడానికి వచ్చి పరుపు మీద కూర్చోబోతుంటే, సంచిలోంచి రంగురంగుల పాచికలు చీరల మీద దొర్లాయి. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి. అన్న ఇరవై ముఖాలదాన్ని చేతిలోకి తీసుకుని, ఇదేమి జూదమప్పా అన్నాడు. జూదం కాదని, బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర అయి, మాటలతోనే కథ నడిపే ఆట అని, ఒకరు కథను ముందుకు తోస్తే మిగిలినవాళ్ళు ఆ పాత్రలుగా బదులు చెబుతారని ఫణి వివరించాడు. అన్న నవ్వి, "మా ఇంట్లో దీన్ని చదువు అంటారు" అన్నాడు.

ఆ తరువాత ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి కుందలహళ్ళికి పోయేవాడు. తిరిగి వచ్చి ఆడిన కథంతా నాకు చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఇతరులు రాసిన ఆటలు చాలక తానే రాయడం మొదలుపెట్టాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఒకనాడు ఫణి ఇంటర్నెట్టులో ఆ పోటీ సంగతి చూసి చెప్పాడు. ఇటువంటి ఆటలు తయారుచేసేవారికి విదేశంలో జరిపే పోటీ అది. వాళ్ళిచ్చిన విషయం మీద వారంలో ఒక ఆట రాసి పంపాలి. న్యాయనిర్ణేతలు కాగితం చదివి మార్కులు వేయరు. బల్ల దగ్గర కూర్చుని నిజంగా ఆడతారు. అందుకని అన్నిటికంటే పెద్ద నిబంధన ఒకటి ఉంది. రాసినవాడు పక్కన ఉండడు. సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. కాగితంలో ఏముందో అదే ఆట. ఆ నిబంధన అన్నకు ఎంత నచ్చిందో చెప్పలేను. పది రకాలుగా చెప్పి చెప్పి మురిసిపోయాడు.

ఆ ఏటి విషయం 'ఎదురుచూపు.' అన్న రాసిన ఆట పేరు 'కాకి.' ఆడేవాళ్ళందరూ కలిసి, లేని మనిషిని ఒకరిని కల్పించుకోవాలి. ఆ మనిషి పోయాడు. మధ్యలో అన్నం ముద్ద. ఒకరు కాకి. కాకి గోడవైపు తిరిగి కూర్చుని, పోయిన మనిషి తీరని కోరిక ఒకటి మనసులో అనుకోవాలి. దాన్ని నోట చెప్పకూడదు, ఆట ముగిశాక కూడా చెప్పకూడదు. తక్కినవారు బంధువులు. ఒక్కొక్కరే పోయినవారిని గురించి ఒక జ్ఞాపకం చెప్పి, ఒక మాట ఇవ్వాలి. తగిన మాట వినబడినప్పుడు కాకి లేచి వచ్చి ముద్ద ముట్టుకుంటుంది. పాచికలు లేవు, గెలిచినవారు లేరు. మొదట చదివినది నేను. అమ్మ కర్మనాడు ఆటోలో కూర్చున్న పిల్లను మళ్ళీ అయిపోయి, దేవుని గదిలోకి పోయి దీపం ముందు కాసేపు కూర్చున్నాను.

నాయనకు తెలిసిననాడు వీధి చివరకు వినబడింది. "మీ అమ్మ పిండాన్ని ఆట చేసుకుంటివి కదరా! నా గడపలో ఇది ఆడితే నా శవం మీదనే" అన్నాడు. అన్న ఇంట్లో ఏనాడూ ఆడలేదు. కుందలహళ్ళిలో ఆడించి, సరిచూసి, పంపాడు.

బహుమతి రాలేదు. నిర్ణేతల మాటలు మాత్రం వచ్చాయి, ఫణి తెలుగు చేసి చదివాడు. ఇటువంటి ఆట మేమెన్నడూ చూడలేదు అని మెచ్చుకుంటూనే, మా కాకి లేవలేదు, ఒకరి తరువాత ఒకరం మాటలిస్తూనే పోయాము, కాకి రాకపోతే ఏం చేయాలో మీరు రాయలేదు, అన్నం చల్లారింది, ఆట ముగియకుండానే లేచిపోయాము అని రాశారు.

అన్న నిర్ఘాంతపోయాడు. "దర్భకాకి సంగతి కూడా రాయాల్నా? అది ఎవరికి తెలీదు?"

"గోపీ గారూ, వాళ్ళకి దర్భంటేనే తెలీదండి" అన్నాడు ఫణి. "కుందలహళ్ళిలో మనకి డౌట్ రాలేదు, ఎందుకంటే మనందరం కర్మలకెళ్ళి నించున్నోళ్ళమే. అక్కడ మీరు పక్కన లేరుగా."

నిజమే. ఎంతకూ కాకి రాకపోతే పురోహితుడు దర్భతో కాకి ఆకారం ముడివేసి పిండానికి ముట్టిస్తాడు. అప్పటిదాకా పస్తున్న బంధువులు ఇంటికి పోయి అన్నం తింటారు. ఇది మనకు ఊపిరి తీసుకున్నంత సహజం. ఊపిరి ఎలా తీసుకోవాలో ఎవరు రాస్తారు?

మరుసటి ఏడు సవరించిన ఆటలకు కూడా చోటిస్తామన్నారు. ఈలోగా అన్న మూత్రపిండాలు రెండూ చెడ్డాయి. మనిషి నల్లబడ్డాడు, కాళ్ళు వాచాయి, రెండు బస్సులు మారే శక్తి పోయింది. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే: ఆ ముగింపు రాసి, ఒకసారి మనుషుల మధ్య ఆడించి చూసుకొని పంపాలి. ఆడి చూడని ఆటను పంపడం ఉడికిందో లేదో చూడని అన్నం వడ్డించడం అనేవాడు. ఆడాలంటే ఇల్లు తప్ప చోటు లేదు. నాయనను అడిగాడు. వద్దంటే వద్దన్నాడు. ఆసుపత్రి మంచం దగ్గరే ఆడదామని ఫణి అంటే అన్న నవ్వి, "ఇక్కడొద్దప్పా. కిటికీ బయట నిజం కాకులే ఉండాయి, పోటీకొస్తాయి" అన్నాడు. ఆ ఒక్కసారి మా ముగ్గురికీ నవ్వు ఆగలేదు.

ముగింపు ఏమిటన్నది ఆయనకు వెంటనే తేలలేదు. ఒక మధ్యాహ్నం నేను కాళ్ళు ఒత్తుతుంటే అడిగాడు.

"అమ్మణ్ణీ, దర్భకాకి ముట్టితే వాళ్ళు గెలిచినట్టా, ఓడినట్టా?"

"రెండూ కాదన్నా. బతికినోళ్ళు అన్నం తినాల కదా. దానికి దేవుడిచ్చిన సెలవు అది."

దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. "మరి కాకి ముట్టని మాటలు ఏమైనట్టు? అమ్మప్పుడు మామ ఒకటి చెప్పె, నాయన ఒకటి చెప్పె. కాకి నా మాటకి వచ్చిందని వాళ్ళ మాట వాళ్ళు మరిచేపోయిరి. ఇచ్చింది అమ్మకా, కాకికా?"

మర్నాడు ఆయన చెబుతుంటే నేను రాసిన చివరి నిబంధన ఇది: "కాకి రాకపోతే, చేతికి అందినదానితో ఒక కాకిని చేసి ముద్దకు ముట్టించండి. అందరూ అన్నం తినండి. కాకి ముట్టని మాట కూడా మాటే. ఇచ్చినవారు నిలబెట్టుకోవాలి."

ఆడి చూడకుండానే ఫణి చేత పంపించాడు. ఫలితం రాకముందే, ఆ పులిహోర అడిగిన రోజున, వెళ్ళిపోయాడు.

పదోరోజు చెరువు గట్టున మంటపం దగ్గర పిండం పెట్టాము. మంటపం గోడ మీద రెండు కాకులు ఉన్నాయి. రెండూ చెరువు వైపే చూస్తున్నాయి. మేనమామ మాట ఇచ్చాడు. ఫణి ఇచ్చాడు. నేనూ ఒకటి ఇచ్చాను. చివరకు నాయన లేచి, నేను ఆయన నోట ఏనాడూ వినని స్వరంతో, "గోపీ, నీ ఆట మనింట్లోనే ఆడుకుంటాం లేప్పా. రా నాయనా" అన్నాడు. ఇక వస్తుందని అందరం గోడ వైపు చూశాము. రాలేదు. ఎండ నెత్తికెక్కింది. పురోహితుడు దర్భ చేతిలోకి తీసుకుంటే, "ఇంకొంచెం చూద్దాం సామీ" అని నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇంకొంచెం చూశాము. తరువాత దర్భకాకితోనే ముట్టించారు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాము. పోయినవారి మనసులో ఏముందో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే అసత్యమవుతుంది.

మొదటి మాసికం ముగిసిన ఆదివారం నాయన అంగడి నుంచి తెల్ల పరుపు తెప్పించి మా నడవలో పరిపించాడు. ఫణి కాగితాలతో వచ్చాడు. వెంట బెళ్ళందూరులో ఉండే స్నేహితులిద్దరు.

"నేనేం చేయాల, చెప్పప్పా" అన్నాడు నాయన.

"మీకేది కావాలంటే అదండీ."

"కాకికి మాట్లాడే పని లేదు కదా? అయితే అదే."

గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మేము ఒక బస్సు కండక్టరును కల్పించుకున్నాము, ఆయన పోయాడనుకున్నాము, జ్ఞాపకాలు చెప్పాము, మాటలిచ్చాము. నాయన లేవలేదు. మళ్ళీ ఒక విడత ఇచ్చాము. లేవలేదు. వీపు మాత్రం అప్పుడప్పుడు కదిలింది. ఫణి నా వైపు చూశాడు. అన్నను అడగాలని నా నోరు తెరుచుకుంది; ఎవరిని అడగను? కాగితం చూశాను. అందులో ఉంది. చీరల పెట్టె అట్ట చించి, కాకిలా మడిచి, ముద్దకు ముట్టించి, "నాయనా, అయిపోయింది, లే. అన్నం తిందాం" అన్నాను.

ఆయన ఇటు తిరగడానికి కొంచెం సమయం పట్టింది. "నేను ఏ మాట కోసం కూర్చున్నానో అడగరా?"

"అడగకూడదు నాయనా. కాగితంలో ఉండాది."

"సరే" అని విస్తరి ముందుకు జరుపుకున్నాడు. గొంతెత్తలేదు. ఆనాటి నుంచీ ఎత్తలేదు.

అన్న లేకుండా ఆయన ఆట చివరిదాకా నడిచింది. ఆయన చూడాలనుకున్నది అదే. చూడనిది కూడా అదే. పోటీ ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, నాకు కలెక్టరు పదవినీ కప్తాను పదవినీ ఇచ్చి, అక్షరంతో పాటు ధైర్యాన్నీ పెట్టిన అటువంటి గురువు నాకు ఈ జన్మకు మళ్ళీ దొరకడు. ఆయనను కొన్నాళ్ళయినా అన్నగా ఇచ్చిన దైవానికి నిత్యం దీపం దగ్గర చేతులు జోడిస్తూనే ఉంటాను.

పదోరోజున నేనిచ్చిన మాట చెప్పలేదు కదూ. "అన్నా, నువ్వు నేర్పిన చదువుతో నీ గురించి నేను రాస్తా" అన్నాను. కాకి ముట్టలేదు. రాశాను.