సముద్రం వైపు కిటికీ

"గోడ కనిపించినా నాకు ఒకటే, సముద్రం కనిపించినా ఒకటే తమ్ముడూ. దీనికి నవ్వాల్సిందీ లేదు, ఏడవాల్సిందీ లేదు. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నా, అంతే."

లాడ్జిలో ఏ గది కావాలని నేనడిగితే ఆ మాట అంటున్నప్పుడు కూడా అక్క కుట్టుమిషను ఆపలేదు. పక్క దుకాణం నాది, పిలుపుకే అక్క. ఆమె పని కర్టెన్లు కుట్టడం. దుకాణం ముందు సగంలో బట్ట తానులు, వెనక సగంలో మిషను, పొడవాటి కత్తిరింపు బల్ల. భర్త ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలిచి వచ్చేవాడు, ఈమె కుట్టేది. మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. అందుకే వీధంతా ఆయన్ని టేపుగారు అనేది. వానలు మొదలైన వారంలో గుండె పట్టేసి పోయాడు.

పోకముందు ఆయన ఒక పని పెట్టుకున్నాడు. పెళ్లయిన ఇన్నాళ్లకు ఇద్దరూ పడవెక్కి ఒక దీవికి వెళ్లి, నాలుగు రోజులు ఎండలో కూర్చుని రావాలని. పడవ టికెట్లు కొన్నాడు. బస మాత్రం తేలలేదు. ఆయన మనసు ఇసుకను ఆనుకుని ఉన్న ఒక లాడ్జి మీద పడింది. తూర్పు ముఖం, గోడంత కిటికీ, పొద్దున లేస్తే ఎండా సముద్రమూ కలిసి మంచం మీదికొస్తాయి. ఆయన పోయాక అక్క చూసుకున్నది వెనక సందులోని గది. దాని కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఇప్పుడు ఆయన టికెట్టు మీద ఆయన తోబుట్టువు, అక్కకు వదినగారు, వెళ్తోంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే రెండు గదులూ వేరేవాళ్లకు పోతాయి.

వదినగారు అప్పుడే వచ్చింది. బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, గొంతు ఇంకా బస్సు చివరి సీటుదాకా వినిపిస్తుంది. తన తమ్ముడు పోయిన రోజు నుంచి ఇద్దరి ఏడుపూ ఆవిడే ఏడుస్తోందని అక్క నాతో ఒకసారి అంది.

సంచి బల్ల మీద పెడుతూనే మొదలుపెట్టింది. "ఎండ కోసం అంత దూరం పోయి గోడ చూసి వస్తావా? గోడే కావాలంటే మా ఇంట్లో నాలుగున్నాయి, వచ్చి కూర్చో."

మీకు ఏది నచ్చితే అదే తీసుకుందాం వదినా అంది అక్క. వదినగారు ఒప్పుకోలేదు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఈ పిల్ల తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది, దేనికైనా సరే అంటోంది, ఆ సరే వినీ వినీ విసుగెత్తిపోయానంది. ఈ ఒక్కటీ తనే చెప్పాలి. చెప్పకపోతే ప్రయాణం లేదు, టికెట్లు రెండూ చించేస్తానంది. చించే మనిషే.

మిషను ఆగింది.

"గోడున్న కిటికీకి కర్టెన్ అక్కర్లేదు. చూడగానే పనైపోయినట్టు ఉంటుంది," అంది అక్క. అదే గొంతుతో, "నాకు ఏడుపు రావట్లేదు వదినా. ఒంటికి ఏదీ తెలియట్లేదు. ఆయన ముచ్చటపడిన గదిలోకి వెళ్లి కూడా ఇలాగే కూర్చుంటే, దాన్ని దండగ చేసినట్టవుతుంది."

వదినగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు ముచ్చటపడినవన్నీ బాగుండేవా ఏంటి? నా ముందుగదికి పట్టుకొచ్చిన ఆ పసుపు కర్టెన్ చూడు, కళ్లు పోతున్నాయి."

"అది నేను ఎంచిందే వదినా."

వదినగారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్కకు రెండూ రాలేదు. ఎదుటి కిటికీకి అడ్డంగా వేలాడేసిన బట్టను వదినగారు పక్కకు లాగేసింది. మధ్యాహ్నపు ఎండ నేరుగా అక్క ముఖం మీద పడింది.

ఆ మొగుడూపెళ్లాలు కొత్త ఇంటికి పనికి వెళ్తే ముందు చేసేది ఒకటుంది. ఎండ పడే వేళ కిటికీ దగ్గర కళ్లు మూసుకుని నిలబడేవారు. రెప్పల వెనక ఎరుపును బట్టి, ఎండ ఆపడానికి కర్టెన్ లోపల ఎంత మందం లైనింగు బట్ట వెయ్యాలో తేల్చేవారు. వదినగారికి అది తెలుసు.

"కళ్లు మూసుకో. ఎంత ఎర్రగా ఉంది?"

అక్క మూసుకుంది. "మందం లైనింగే వెయ్యాలి."

"హాయిగా ఉందా?"

"లేదు. ఎర్రగా ఉంది, అంతే."

"హాయిగా ఉండాలని నేనన్నానా?"

అక్క కళ్లు తెరవలేదు. ముఖంలో ఏ మార్పూ లేదు. అలాగే, తూర్పు కిటికీ గదే చెబుదామంది. బాగుంటుందని కాదు, అక్కడ కూడా ఏమీ తెలియకపోతే తెలియనట్టే కూర్చుంటానంది.

లాడ్జికి అక్కే ఫోన్ చేసింది. ఎంతమంది అని అడిగినట్టున్నారు. "నేనూ మా ఆయనా," అంది, తడుముకోకుండా. కొంచెంసేపు ఫోన్ వైపు చూసి, మళ్లీ చేస్తానండీ అని పెట్టేసింది. వదినగారు తను చేస్తానని ఫోన్ అందుకుంది. అవతల హలో అనగానే బావురుమంది, అదీ కట్టైంది.

అక్క ఫోన్ నా చేతిలో పెట్టింది.

"బయటికెళ్లి నువ్వు మాట్లాడు తమ్ముడూ. ఇద్దరు ఆడవాళ్లని చెప్పు. సముద్రం వైపు గది, మంచాలు విడివిడిగా ఉండాలని చెప్పు. వదిన గురక పెడుతుంది, అది మాత్రం చెప్పకు."