మేకు ఆగదండి

సిలువ బొమ్మ ఎదురైతే అందరూ ముఖం చూస్తారు, మా సువార్తరావుగారు మేకులు చూస్తారు. చూసి, జేబులోంచి కొలత టేపు తీసి, అరచేతిలో దిగిన మేకు దగ్గర ఆనించి, "ఈ మేకు ఆగదండి" అంటారు. ఒంటి బరువుకి అరచెయ్యి చీలిపోతుందని, మేకు మణికట్టులో దిగాలని ఆయన వాదన. క్యాలెండరైనా అంతే, క్రిస్మస్ కార్డయినా అంతే. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి గొలుసుకున్న సిలువను చూసి కూడా అదే మాట అన్నారు. ఆ పూట మమ్మల్ని భోజనం పెట్టకుండా పంపేస్తారేమోనని నేను నిజంగానే భయపడ్డాను.

ఆయనది నరసాపురం. తొంభైల్లో దోహా దగ్గరి మెసయీద్‌లో మా కంపెనీకి రిగ్గింగ్ ఫోర్‌మన్, అంటే క్రేన్ ఎత్తే ప్రతి బరువుకీ తాళ్ళూ గొలుసులూ కట్టించే మనిషి. నేను స్టోర్ కీపర్ని, క్యాంపులో ఆయన గదిలోనే ఉండేవాణ్ణి. ఏదైనా వేలాడుతుంటే అది దేనిమీద ఆగిందో చూడకుండా ఉండలేకపోవడం ఆయనకు వృత్తితో వచ్చిన జబ్బు. దానికి తోడు యెరూషలేం దగ్గర తవ్వకాల్లో మేకుతో సహా దొరికిన మడమ ఎముక ఫొటో ఒకటి, ఏదో పత్రికలోంచి కత్తిరించి పర్సులో పెట్టుకున్నారు. భార్య ఫొటో దాని వెనకాల ఉండేది.

దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో, నర్సు దేవకుమారిగారి హాల్లో మా తెలుగు ప్రార్థన జరిగేది. ఆవిడ ఒకసారి పట్టుబట్టారు.

"వాక్యంలో చేతులు అని ఉందండి. మణికట్టు అని లేదు."

"గడియారం ఎక్కడ పెట్టుకున్నారమ్మా?"

"చేతికే."

"అరచేతికా?"

దేవకుమారిగారు తన గడియారం వంక ఒకసారి చూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆనాటి నుంచి సువార్తరావుగారి టీలో పంచదార పడలేదు.

మా గదిలో మూడో మనిషి మొహియుద్దీన్, నిజామాబాద్ నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్. ఈ గొడవ తన మతానిది కాకపోయినా బరువుల సంగతి తనదే కాబట్టి ఊరుకోలేకపోయాడు.

"అన్నా, మేకులేంది, తాడుతోని కట్టిన్రేమో."

"తాడా? అదేమన్నా బట్టలారేసే దండెమా? తాడు పార్టీతో నాకు మాటల్లేవు."

అన్నంత పనీ చేశారు. ఎదురెదురు మంచాల మీద పడుకుని, "లైటు ఆర్పమను" అని ఒకరు, "చదువుడైనంక ఆర్పుతా అని చెప్పు" అని ఒకరు, వారమంతా నా ద్వారానే కబుర్లు పంపుకున్నారు.

ఆ ఏడు గుడ్ ఫ్రైడే వచ్చింది. అక్కడ శుక్రవారం ఎలాగూ సెలవే కాబట్టి లీవు అడిగే పని లేదు. బయటికి తెలిసేలా ప్రార్థనలు చేసుకోనివ్వని దేశం కాబట్టి కర్టెన్లు వేసి, గొంతులు తగ్గించి, గోడకు పెద్ద సిలువ బొమ్మ తగిలించి సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన చేసుకునేవాళ్ళం. అయిపోగానే బొమ్మను చుట్టి మంచం కిందకి తోసేవాళ్ళం. ఆసారి బొమ్మ సైలస్ వేశాడు.

సైలస్ మా కంపెనీలో బోర్డులు రాసే పెయింటర్. చలికాలంలో వ్యాన్ తలుపు పడి కుడిచెయ్యి నలిగింది. దెబ్బ మానింది గానీ వేళ్ళు మునుపటిలా తిరగడం లేదు. ఆ చేత్తోనే దుప్పటంత గుడ్డ మీద బొమ్మ వేశాడు. "ఇది గోడెక్కితే మళ్ళీ కుంచె పడతానండి. ఎక్కకపోతే ఇక ముట్టుకోను" అన్నాడు మాతో. అతను నవ్వుతూనే చెప్పాడు, మేమే నవ్వలేకపోయాం.

ఆ ఉదయం హాల్లో గుడ్డ విప్పాడు. ముఖం చూసి నా ఒళ్ళు జలదరించింది, అంత బాగుంది. తర్వాత చేతులు చూశాను. వేళ్ళు చక్రకేళీ అరటిపళ్ళ అత్తంలా ఉన్నాయి.

అకౌంటెంట్ పాల్‌గారు గొంతు సవరించుకున్నారు. "బాగుంది గానీ సైలసూ, ఆ వేళ్ళు చూస్తే పిల్లలు నవ్వుతారు. ఈ యేటికి నా దగ్గరున్న ప్రింటు పెడదాం."

సైలస్ గుడ్డ అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే సువార్తరావుగారు టేపు తీశారు. పుండు మీద కారం చల్లడానికి ఈయనొకరా అనుకుని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇవాళొద్దండి."

విదిలించుకున్నారు. "మేకు ఆగదండి. ఇక్కడ తాడుండాలి. వేళ్ళ మీద నుంచి మణికట్టు దాకా, దూలంతో కలిపి చుట్టెయ్యాలి. రోమన్లు తాళ్ళతోనూ కట్టేవారు, చరిత్రలో ఉంది. సైలసూ, అసలు వేళ్ళు కనపడకూడదయ్యా."

"తాడు పార్టీతో మాటల్లేవన్నది మీరే కదండీ?" అన్నారు పాల్‌గారు.

"అది నిన్నటి మాట. యల్లా, కానివ్వండి, తాడు తెండి."

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహం ఆగదు. దేవకుమారిగారి కర్టెన్ రాడ్డు ఊడింది. పికప్‌లోంచి తాడు వచ్చింది. సువార్తరావుగారు రాడ్డును భుజాల మీద అడ్డంగా పెట్టుకుని నిలబడితే, ఆయన చెప్పినట్టే నేను చేతులు కట్టాను. "ఇంకా బిగించవయ్యా, బరువు ఆగాలి" అని నామీద కేకలు. సైలస్ ఆ చేతుల్ని చూస్తూ బొమ్మలో తాడు వేస్తున్నాడు. తాడు మెలికలు వెయ్యడానికి వేళ్ళు అంతగా తిరగక్కర్లేదు. రంగులు కలుపుతున్నది పాల్‌గారే. చేతులు కట్టేసిన మనిషికి దేవకుమారిగారు టీ పట్టించారు.

"పంచదార సరిపోయిందాండీ?"

"ఇన్నాళ్ళకి పడిందమ్మా."

రంగు ఆరకుండానే బొమ్మ గోడెక్కింది. పిల్లలెవరూ నవ్వలేదు. వెనక వరసలో సైలస్ మాత్రం మా పాటకన్నా గట్టిగా ముక్కు చీదాడు.

తిరుగు ప్రయాణంలో ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పండి. మేకా, తాడా?"

"మేకేనయ్యా. ఎముక నా పర్సులోనే ఉంది."

"మరి?"

"బరువు ఎత్తే ముందు ఏం చూడాలి?"

"తాడు గట్టిదో కాదో."

"కాదు. కింద ఎవరన్నా ఉన్నారేమో చూడాలి."

క్యాంపులో మొహియుద్దీన్ ఆయన మణికట్ల మీద గుర్తులు చూసి సంగతంతా నాచేత చెప్పించుకున్నాడు. "అంటే తాడే అని ఒప్పుకున్నట్టేనా అన్నా?"

సువార్తరావుగారు నావైపు చూశారు. కాదంటే ఆ మాట తెల్లారేసరికి సైలస్ చెవిన పడుతుంది.

"ఒప్పుకున్నట్టే" అన్నారు.

మొహియుద్దీన్ ఆ కబురు క్యాంపంతా చాటాడు. తర్వాత ప్రతి గుడ్ ఫ్రైడేకీ ఆ బొమ్మే గోడెక్కింది, పక్కనే సైలస్ వేసిన కొత్తవీ ఎక్కాయి. ఆరాధన జరిగినంతసేపూ సువార్తరావుగారు బొమ్మకి ఎదురుగా, జేబులోని టేపును గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చునేవారు.