ఖాళీ బుట్ట

ట్రామ్ కండక్టరుగా రిటైరయ్యాక వగ్దీ ఇంట్లో కూర్చోలేకపోయాడు. అలెగ్జాండ్రియాలో, మొహర్రం బే పేటలో వాళ్ల సందు నిండా పాత మేడలే. లిఫ్టు చెడిపోతే బాగుచేయించే నాథుడు లేడు. పై అంతస్తుల్లో ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు మెట్లు దిగలేక లోపలే ఉండిపోయారు. వగ్దీ, సందులోవాళ్లు ఇంకో నలుగురూ కలిసి, వాళ్లకు రోజూ రొట్టెలూ మందులూ అందించే పని నెత్తిన వేసుకున్నారు.

పద్ధతి వగ్దీ పెట్టిందే. ముసలివాళ్లు కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతారు. పొద్దున్నే వీళ్లు సరుకు అందులో పెట్టి పోతారు. వాళ్లు లాక్కుని, ఖాళీ చేసి, మళ్లీ కిందికి వదలాలి. మర్నాడు బుట్ట ఖాళీగా వేలాడుతుంటే పైన మనిషి క్షేమం. సరుకు అలాగే ఉంటే మెట్లెక్కి చూడాలి.

ఐదో అంతస్తులో ఇనాయత్ ఉండేది. మోకాళ్లు పనిచేసేవి కావు గాని నోరు బాగా పనిచేసేది.

"ఏరా వగ్దీ, ఈ రొట్టె నీ ట్రామ్ కింద పడిందా? ఇంత పలచగా ఉంది!"

"పళ్లు లేనిదానికి లావు రొట్టెలెందుకు పిన్నీ?"

"పళ్లు లేకపోయినా నిన్ను కరవగలను, పైకి రా!"

సందంతా నవ్వేది.

ఆ చలికాలం సముద్రం మీంచి గాలివాన వచ్చి, పట్టుకుని వదల్లేదు. కిటికీలన్నీ మూతపడ్డాయి. వగ్దీ తలకు శాలువా చుట్టుకుని వచ్చి, రొట్టెల సంచి బుట్టలో పడేసి ఇంటికి పరిగెత్తేవాడు. మర్నాడు చూస్తే ఇనాయత్ బుట్ట ఖాళీగా ఉండేది. ముసలిది గట్టిదే అనుకున్నాడు.

వాన వెలిసిన పొద్దున అతను బుట్టలో రొట్టెలు పెడుతుంటే, అదే మేడ మూడో అంతస్తు కిటికీలోంచి దర్జీ రిజ్క్ తల బయటపెట్టాడు. గుండెజబ్బు మనిషి, పై మెట్లు ఎక్కలేడు.

"వగ్దీ బాబాయ్, ఆగాగు! ఇనాయత్ అత్త రొట్టెలు నా దగ్గరే ఉన్నాయి."

"నీ దగ్గరుండటమేంటి?"

"వానలో నానిపోతున్నాయని రోజూ తాడు లాగి తీసి దాచాను. చలికి కిటికీ తీయట్లేదు కదా పాపం. వాన తగ్గాక అన్నీ ఒకేసారి పంపిద్దామని."

వగ్దీ మెట్లవైపు పరిగెత్తాడు.

తలుపు విరగ్గొట్టాల్సి వచ్చింది. ఇనాయత్ వంటగది నేలమీద పడి ఉంది. కిటికీ వైపు పాకాలని చూసినట్టుంది, కింద చాప ముడతలు పడి ఉంది. తుంటి విరిగిందనీ, పడ్డాక ఒక రోజైనా ప్రాణంతో ఉండి ఉంటుందనీ డాక్టరు చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే ఖననం అయిపోయింది. సాయంత్రం పరామర్శకు సందులో కుర్చీలు వేశారు. రిజ్క్ గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వచ్చి వగ్దీ పక్కన కూర్చున్నాడు.

"ఖాళీ బుట్ట క్షేమానికి గుర్తని నాకు తెలీదు బాబాయ్. తాకొద్దని ఒక్కరు చెప్పి ఉంటే..."

"చెప్పాలని మాకు తట్టలేదు."

"కుట్టుమిషను ఆపి ఉంటే ఆవిడ పిలుపు వినపడేదేమో."

"నేను కింద నిలబడి ఒక్క కేక వేసి ఉంటే సరిపోయేది. తడుస్తానని పారిపోయాను" అన్నాడు వగ్దీ.

రిజ్క్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. కాఫీ తెచ్చినవాడు కప్పులు అక్కడే పెట్టి పక్కకు జరిగాడు.

మర్నాటినుంచి వగ్దీ బుట్టల్లో సరుకు పెట్టడం మానేశాడు. రొట్టెలు చంకన పెట్టుకుని ఒక్కో మేడా ఎక్కుతున్నాడు. ఎదుటి మేడ పై అంతస్తులో నసీఫ్ మాస్టారికి ఇది బొత్తిగా నచ్చలేదు. లోపల్నుంచే అరిచాడు.

"బతికే ఉన్నానయ్యా! రొట్టెలు అక్కడ పెట్టేసి పో!"

వగ్దీ ఆఖరి మెట్టు మీద కూలబడి రొప్పుతున్నాడు.

"తలుపు తీసి చెప్పండి మాస్టారూ."